ఓటుంది, సీటుంది, మరి కుళాయి సంగతి ఎవర్ని అడగాలి?

మహిళలు, పౌర భాగస్వామ్యం, ప్రజాస్వామ్యం అనే విషయం మీద ఈ మధ్య మన వైజాగ్‌లో ఒక పబ్లిక్ లెక్చర్ సిరీస్ జరిగింది, ద్వారకానగర్ వైపు ఒక చిన్న హాల్లో, వారానికొకటి చొప్పున నాలుగు వారాలు. నేను మూడింటికి వెళ్ళాను. రెండో వారం ప్రసంగం అయ్యాక ప్రశ్నలుంటే అడగండి అన్నారు, వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచారు, అరవై దాటి ఉంటాయి, కొండవాలు కాలనీలో ఉంటారట. "నాను పెతీసారీ ఓటేస్తానండి. మా వార్డుకి కార్పొరేటరు కూడా ఆడమనిసే. ఐనా మా మెట్ల మీదకి కుళాయి నీళ్ళు రావు. మరి నానెవుల్ని అడగాల, ఏటని అడగాల?" అన్నారు.

హాల్లో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడ్డానికి వచ్చిన మేడం ఓపిగ్గానే చెప్పారు గానీ టైం పది నిమిషాలే ఉంది, ఆ ప్రశ్న పది నిమిషాల్లో తేలేది కాదు. ఇంటికొచ్చాక కూడా నాకు అదే తిరుగుతోంది బుర్రలో, ఎందుకంటే ఆవిడ ఒక్క ప్రశ్నలో మూడు వేరు వేరు సంగతులు ఉన్నాయి, మనం పేపర్లో మహిళా బిల్లు గురించి చదివినా, జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) రిజర్వేషన్ల గురించి వాట్సాప్‌లో గొడవ పడినా ఆ మూడింటినీ కలిపేసి మాట్లాడతాం, అందుకే ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు. వాటిని విడదీసి చూద్దామనే ఇది రాస్తున్నాను.

ఓటు, సీటు, మాట: ఒక అపార్ట్‌మెంట్ మీటింగు ఉదాహరణ

ఓటు అంటే మన తరఫున ఎవరు కూర్చోవాలో చెప్పే హక్కు, మామూలుగా ఐదేళ్ళకోసారి వాడతాం. సీటు అంటే ఆ కూర్చునే చోటు, పుస్తకాల్లో ప్రాతినిధ్యం అని రాస్తారు. మూడోది పౌర భాగస్వామ్యం. పేరు బరువుగా ఉంది గానీ సంగతి తేలికే, రెండు ఎన్నికల మధ్యనుండే ఆ ఐదేళ్ళలో మన వీధి గురించి, మన నీళ్ళ గురించి, మనం కట్టిన పన్ను గురించి నిర్ణయాలు జరుగుతాయి కదా, ఆ నిర్ణయాల్లోకి మన మాట కూడా వెళ్ళడం. నేను దాన్ని ఇక్కడ మాట అనే అంటాను.

ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఒక ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకోండి. ఫ్లాటు భార్యాభర్తలిద్దరి పేరునా ఉంది, కాబట్టి అసోసియేషన్ ఎన్నికలో ఆవిడ కూడా ఓటెయ్యొచ్చు. కమిటీలో ఐదుగురుంటే ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలని రూల్ పెట్టుకున్నారు, అది సీటు. ఇప్పుడు ఎండాకాలం వచ్చింది, ట్యాంకరు ఏ టైంకి తెప్పించాలో తేల్చాలి. మీటింగు రాత్రి ఎనిమిదింటికి పెట్టారు, అది వంట టైం, ఇళ్ళల్లోంచి మగవాళ్ళు వెళ్ళారు, ట్యాంకరు పొద్దున్న పదింటికి వస్తే చాలని తీర్మానం చేసి వచ్చారు. నీళ్ళు పొద్దున్న ఆరింటికే కావాలి, ఏ రోజు ఎన్ని బిందెలు పడతాయి అన్నది తెలిసినవాళ్ళు ఆ టైంకి స్టవ్ దగ్గర ఉన్నారు. ఓటుంది, సీటుంది, మాట మాత్రం ఆ గదిలోకి వెళ్ళలేదు. ఊరికీ రాష్ట్రానికీ దేశానికీ ఇదే కథ, కాకపోతే మెట్లు ఎక్కువ.

సీటు అనే మాటలో కూడా రెండు అర్థాలున్నాయి. మనలాంటి బతుకు తెలిసినవాళ్ళు కూర్చోవడం ఒకటి, మన పని జరిగేలా చూసేవాళ్ళు కూర్చోవడం ఇంకొకటి. రెండూ ఒకరిలోనే ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆడవాళ్ళు సీట్లో ఉన్నంత మాత్రాన ఆడవాళ్ళ పనులు అవుతాయా అని అడిగేవాళ్ళు ఈ రెండో అర్థం పట్టుకుని అడుగుతారు, జనాభాలో సగం ఉన్నవాళ్ళు సభలో సగం ఉండడం న్యాయం కాదా, పని సంగతి తర్వాత అనేవాళ్ళు మొదటిది పట్టుకుని మాట్లాడతారు. ఇద్దరూ అడిగేది సరైనదే, కానీ ఒకరి ప్రశ్నకి ఇంకొకరి దగ్గర జవాబు వెతికితే దొరకదు.

హక్కు వచ్చినా జాబితాలో పేరు ఉండాలి కదా

ఆడవాళ్ళ ఓటు స్వాతంత్ర్యంతో పాటే వచ్చిందని చాలామంది అనుకుంటారు. విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, ఆ శాసనమండలి 1921లోనే ఆడవాళ్ళు ఓటెయ్యొచ్చని తీర్మానించింది. అయితే ఆస్తి, పన్ను లెక్కలు అడ్డుండేవి, తన పేరున ఆస్తి ఉన్న ఆడవాళ్ళు అప్పట్లో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. 1927లో ముత్తులక్ష్మి రెడ్డి గారు ఆ మండలిలో కూర్చున్న తొలి మహిళ అయ్యారు. ఆస్తి, చదువు, కులం, ఆడ మగ ఏదీ చూడకుండా వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు అన్నది మాత్రం 1950లో రాజ్యాంగం 326వ అధికరణంతోనే వచ్చింది.

1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలకి ఓటర్ల జాబితా రాయడానికి మనుషులు ఇంటింటికీ వెళ్తే ఉత్తరాదిలో చాలాచోట్ల ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు, ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అనే చెప్పారు. సొంత పేరు లేకుండా జాబితాలో ఉంచం అని మొదటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు. పేరు సరిచేసుకోడానికి గడువిచ్చాక కూడా దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళని జాబితాలోంచి తీసెయ్యాల్సి వచ్చింది, ఎక్కువగా బీహార్, యూపీ, రాజస్థాన్, మధ్యప్రదేశ్, వింధ్యప్రదేశ్‌లలో. ఆ నిర్ణయం కఠినమే, ఆ ఒక్క ఎన్నికలో అంతమందికి నష్టమే. కానీ ఫలానా వారి భార్య అని రాసేసి ఊరుకుని ఉంటే ఈ దేశంలో ఓటు మనిషిది అన్న మాటకి మొదట్లోనే చిల్లు పడేదని నేననుకుంటాను.

ఇప్పుడు ఆ సమస్య లేదు గానీ దాని చెల్లెలు ఒకటుంది. చట్టం ప్రకారం ఓటు మామూలుగా నివాసముండే చోటే ఉండాలి. పెళ్ళయితే ఊరు మారేది చాలావరకు అమ్మాయే. నాకు తెలిసినమ్మాయి విజయనగరంలో పుట్టి గాజువాక కోడలైంది, మొదటి ఎన్నికలకి అక్కడ పేరు తీసేశారు, ఇక్కడ ఇంకా ఎక్కలేదు, రెండోసారికి డెలివరీకి పుట్టింట్లో ఉంది. పదేళ్ళలో రెండు ఎన్నికలు పోయాయి, హక్కు మాత్రం ఎవరూ లాక్కోలేదు.

ఇన్ని ఉన్నా 2019, 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఆడవాళ్ళ పోలింగ్ శాతం మగవాళ్ళ కంటే కొద్దిగా ఎక్కువే. ఓటు అనే మొదటి మెట్టు ఆడవాళ్ళు ఎక్కేశారు, అందులో సందేహం అక్కర్లేదు. చిక్కంతా ఆ పై మెట్ల దగ్గరే.

98 వార్డుల్లో సగం అంటే లెక్క ఎలా

సీట్ల రిజర్వేషన్ గురించి మాట్లాడేటప్పుడు రెండు వేరు చట్టాలు కలిసిపోతుంటాయి. ఒకటి పాతది, ఊరికీ మున్సిపాలిటీకీ సంబంధించింది, అమల్లో ఉంది. రెండోది 2023లో వచ్చింది, లోక్‌సభకీ అసెంబ్లీకీ సంబంధించింది. ముందు పాతది.

73, 74 రాజ్యాంగ సవరణలు 1992 డిసెంబర్లో పార్లమెంటు ఆమోదం పొంది 1993లో అమల్లోకి వచ్చాయి, మొదటిది పంచాయతీలకి, రెండోది మున్సిపాలిటీలకి. మూడో వంతుకి తగ్గకుండా సీట్లు ఆడవాళ్ళకి ఇవ్వాలని అందులో ఉంది. తగ్గకుండా అన్నారు గాని మించకూడదని అనలేదు, కాబట్టి చాలా రాష్ట్రాలు సగానికి పెంచుకున్నాయి, మన రాష్ట్రం కూడా. ఈరోజు దేశం మొత్తం మీద పంచాయతీల్లో గెలిచినవాళ్ళలో దాదాపు 46 శాతం ఆడవాళ్ళే, అంటే 14 లక్షల పైమాట.

జీవీఎంసీలో వార్డులు 98. మూడో వంతయితే 33, సగమయితే 49. ఎస్సీ, ఎస్టీ, బీసీలకి కేటాయించిన వార్డుల్లో కూడా ఆడవాళ్ళ వాటా ఉంటుంది, ఆ వార్డులు ఈ 49 లోపలే లెక్కకొస్తాయి, దాని పైన అదనం కాదు. చాలామంది పొరబడేది ఇంకోటుంది. మిగిలిన 49 వార్డులూ మగవాళ్ళకి రిజర్వు చేసినవి కావు, అవి ఎవరైనా పోటీ చెయ్యగలిగే వార్డులు. "ఈసారి మన వార్డు జెంట్స్‌కి వచ్చింది" అని మామూలుగా అనేస్తాం, పార్టీలు కూడా టిక్కెట్లు అలాగే పంచుతాయి, అలా కనీసం అన్నది కాస్తా గరిష్ఠం అయిపోతుంది.

దీనికి మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉంది. 2021లో జీవీఎంసీ మేయర్ పదవి బీసీ జనరల్, అంటే ఆడవాళ్ళకని ప్రత్యేకంగా పెట్టింది కాదు. అయినా ఆ మార్చి 18న గొలగాని హరి వెంకట కుమారి గారు మేయర్ అయ్యారు. 2024లో రాష్ట్రంలో అధికారం మారింది, కౌన్సిల్లో పార్టీల బలాబలాలు మారాయి, 2025 ఏప్రిల్లో అవిశ్వాస తీర్మానం నెగ్గి పీలా శ్రీనివాసరావు గారు మేయర్ అయ్యారు. ఇది ఆడ మగ గొడవ కాదు, పార్టీల లెక్క. అయితే ఇందులో ఒక సంగతి కనపడుతుంది, సీటు దగ్గరకి వెళ్ళే తలుపు తాళం పార్టీ చేతిలో ఉంటుంది, రావడానికైనా పోవడానికైనా.

ఇక రొటేషన్. ఈసారి మహిళకి ఉన్న వార్డు వచ్చేసారి మారొచ్చు. ఐదేళ్ళు తిరిగి తిరిగి వార్డులో ప్రతి సందూ తెలుసుకున్న కార్పొరేటర్, తీరా పని పట్టుబడేసరికి అది జనరల్ అయ్యి టిక్కెట్ ఇంకొకరికి పోతుంది. మళ్ళీ నిలబడే అవకాశమే లేనప్పుడు ప్రజలకి జవాబు చెప్పాలన్న భయం ఎందుకుంటుంది అని రొటేషన్‌ని కాదనేవాళ్ళు అడుగుతారు, అది తోసిపారెయ్యాల్సిన మాట కాదు. అటువైపువాళ్ళు చూపించేది ముంబై. అక్కడ 1997లో మహిళలకి రిజర్వు చేసిన వార్డులు 2002లో జనరల్ అయ్యాక చూస్తే, అంతకుముందు రిజర్వేషన్ లేని వార్డులతో పోలిస్తే ఆడవాళ్ళు గెలిచే అవకాశం దాదాపు ఐదు రెట్లు ఉందని రిఖిల్ భవ్నానీ అనే పరిశోధకుడి అధ్యయనంలో తేలింది. ఒకసారి చూశాక జనానికి, పార్టీకి కూడా నమ్మకం కుదురుతుందన్నమాట. రొటేషన్ ఎక్కువ వార్డులకి ఆ మొదటి అవకాశం ఇస్తుంది, ఒక మనిషికి రెండో అవకాశం ఇవ్వదు. రెండూ నిజమే.

ఆవిడ పేరు, ఆయన ఫోన్ నంబరు

ఇప్పుడు అందరూ మొదట అనే మాట: "పేరుకి ఆవిడ, నడిపేది ఆయన." భార్య సర్పంచ్ అయితే భర్త కుర్చీలో కూర్చోవడం, కార్పొరేటర్ గారి నంబరు అని మనకిచ్చేది ఆయన నంబరే అవడం, ఫ్లెక్సీ మీద ఆవిడ ఫోటో పక్కన అంతకన్నా పెద్దది ఆయనది ఉండడం, మనందరం చూసిందే. ఈ పద్ధతి మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే కోర్టు 2023లో సంగతి ప్రభుత్వం చూడాలంది, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన కమిటీ భర్తలు అలా పెత్తనం చేస్తే గట్టి శిక్షలుండాలని సిఫార్సు చేసింది.

నేను దీన్ని చిన్నది చెయ్యను, అది నిజంగా మోసమే, ఓటేసినవాళ్ళకీ ఆవిడకీ కూడా. కాకపోతే దీన్నిబట్టి రిజర్వేషనే దండగ అనే ముందు ఒక పరిశోధన చూడాలి. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో ఇద్దరూ 2004లో ప్రచురించారు, డఫ్లో గారికి తర్వాత 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బెంగాల్లో బీర్భూమ్ జిల్లా, రాజస్థాన్లో ఉదయపూర్ జిల్లా తీసుకున్నారు. ఏ పంచాయతీ మహిళకి వెళ్ళాలన్నది ఊరి మంచిచెడ్డలు చూసి ఇవ్వలేదు, చీటీ తీసినట్టు వచ్చింది. అందుకని రిజర్వు అయిన ఊళ్ళనీ కాని ఊళ్ళనీ పక్కపక్కన పెడితే కనపడే తేడా నాయకురాలి వల్లే అని నమ్మకంగా చెప్పొచ్చు. వాళ్ళు చూసింది ఏంటంటే ఆ ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కువగా ఫిర్యాదు చేసింది తాగునీళ్ళ గురించి, మహిళ ప్రధాన్‌గా, అంటే మన సర్పంచ్ లాంటి పదవిలో, ఉన్న చోట తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. భర్తల పెత్తనం ఉన్న దేశంలోనే, ఆ పెత్తనం మధ్యనే ఈ తేడా వచ్చింది.

మరి మన పెద్దావిడ వార్డులో ఎందుకు రాలేదు? ఇక్కడ పంచాయతీకీ కార్పొరేషన్‌కీ తేడా చూడాలి. బీర్భూమ్ ప్రధాన్ చేతిలో కొంత డబ్బు, కొంత నిర్ణయం ఉంది. వైజాగ్‌లో కార్పొరేటర్ 98 మందిలో ఒకరు. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, అమలు చేసేది కమిషనర్, ఆయన్ని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. నడుమ స్టాండింగ్ కమిటీ ఉంది, ఖర్చుల విషయంలో దాని మాట పెద్దది. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలకి అప్పగించదగ్గ పనులని 18 రాశారు, నీటి సరఫరా వాటిలో ఉంది, కానీ ఎంత అప్పగించాలన్నది రాష్ట్రం ఇష్టం. నగరం ఎటు పెరగాలన్న ప్లాను వీఎంఆర్డీఏ చూస్తుంది, కరెంటు ఈపీడీసీఎల్, పోర్టు స్థలాలు కేంద్రానివి. మేఘాద్రిగెడ్డ నుంచో రైవాడ నుంచో వచ్చిన నీటిని కొండ పైదాకా ఎక్కించాలంటే పంపు, ట్యాంకు, పైపు, దానికి అంచనా, మంజూరు, టెండరు, ఇన్ని చేతులు దాటాలి. అంటే ఆవిడ కార్పొరేటర్ మహిళ కావడం వల్ల ఆ ఫిర్యాదు విలువ అర్థమయ్యే అవకాశం పెరుగుతుంది, పని అయ్యే అధికారం దాంతో పాటు రాదు. సీట్లలో సగం ఇచ్చారు, ఆ సీటుకి ఎంత బలం ఇచ్చారన్నది వేరే ప్రశ్న, దాన్ని ఆడవాళ్ళ చేతకానితనం కింద రాయడం అన్యాయం అని నా అభిప్రాయం.

ఇంకోటి మర్చిపోకూడదు. జీవీఎంసీలో అంతకుముందున్న కౌన్సిల్ గడువు 2012లో అయిపోయింది, మళ్ళీ ఎన్నిక 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళు ఈ ఊరికి కార్పొరేటర్లే లేరు, స్పెషల్ ఆఫీసర్ల పాలన. సుప్రీంకోర్టు 2006లోనే స్థానిక ఎన్నికలు గడువులోపు జరిపి తీరాలని చెప్పింది, అయినా ఇలా జరిగింది. ఆ తొమ్మిదేళ్ళూ 50 శాతం రిజర్వేషన్ కాగితం మీద ఉంది. అసలు సీటే లేనప్పుడు అందులో సగం ఏముంటుంది? మహిళా రిజర్వేషన్ గురించి ఇంత మాట్లాడే మనం ఆ తొమ్మిదేళ్ళ గురించి ఎంత తక్కువ మాట్లాడామో తల్చుకుంటే నాకు బాధేస్తుంది.

2023 చట్టం: 58 సీట్లు ఎక్కడున్నాయి

లోక్‌సభకి, అసెంబ్లీలకి మూడో వంతు అనే బిల్లు మొదట 1996 సెప్టెంబర్లో వచ్చింది, ఆగిపోయింది, 2010లో రాజ్యసభ దాటింది, లోక్‌సభలో ఆగింది. 2023 సెప్టెంబర్లో కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ 454 - 2 తేడాతో, రాజ్యసభ 214 - 0తో ఆమోదించాయి. 106వ రాజ్యాంగ సవరణ, నారీ శక్తి వందన్ అధినియం అని పేరు.

లెక్క చూద్దాం. లోక్‌సభ 543లో మూడో వంతు 181, 2024లో గెలిచిన ఆడవాళ్ళు 74. మన అసెంబ్లీ 175లో మూడో వంతు 58. ఎస్సీలకున్న 29, ఎస్టీలకున్న 7 సీట్లలో కూడా మూడో వంతు ఆ వర్గాల మహిళలకి, అవి ఆ 58 లోపలే. ఆంధ్ర నుంచి 25 ఎంపీ సీట్లుంటే 2024లో ముగ్గురు మహిళలు గెలిచారు, రాజమండ్రి నుంచి పురందేశ్వరి, నంద్యాల నుంచి బైరెడ్డి శబరి, మన పక్కనే అరకు నుంచి గుమ్మా తనూజా రాణి. విశాఖ లోక్‌సభకి కూడా మహిళా ఎంపీలు కొత్త కాదు, 1989లో ఉమా గజపతిరాజు, 2009లో పురందేశ్వరి ఇక్కడినుంచే గెలిచారు, రిజర్వేషన్ లేకుండానే. రాజ్యసభకి, శాసనమండలికి ఈ చట్టం వర్తించదు.

మరి ఆమోదించాక వెంటనే ఎందుకు రాలేదంటే చట్టంలోనే ఒక షరతు ఉంది. అమల్లోకి వచ్చాక జరిగే మొదటి జనగణన, దాని అంకెలతో నియోజకవర్గాల పునర్విభజన, ఆ తర్వాతే మహిళా సీట్లు అని 2023లో రాసుకున్నారు. ఆ తర్వాతి జనగణనకి లెక్క తేదీ 2027 మార్చి 1గా ప్రకటించారు. పునర్విభజన అనగానే దక్షిణాదికి ఇంకో దిగులుంది. రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల వాటా 1971 జనాభా లెక్కల మీద ఆగి ఉంది, జనాభా అదుపు చేసిన రాష్ట్రాల వాటా కొత్త లెక్కలతో తగ్గుతుందేమో అని. అలా ఆడవాళ్ళ సీట్లు తమకి సంబంధం లేని ఒక పెద్ద పేచీకి ముడిపడ్డాయి. కొత్త హద్దులు గీసేటప్పుడే కలిపి చేస్తే ఏ సీటు మహిళలకన్నది పద్ధతిగా తేలుతుంది, ఉన్న ఎంపీలకి అన్యాయం జరగదు అని ముడి పెట్టడాన్ని సమర్థించేవాళ్ళు అంటారు. ఉన్న 543లోనే మూడో వంతు తీస్తే సరిపోయేది కదా, 1996 నుంచి ఆగింది చాలదా అని కాదనేవాళ్ళు అంటారు. నాకు రెండో మాటే బలంగా కనపడుతుంది, పంచాయతీల్లో 1993 నుంచి అలాగే చేశాం కాబట్టి.

అసలు రిజర్వేషనే వద్దనే ఆడవాళ్ళు కూడా ఉన్నారు, ఇవాళ కాదు, మొదటినుంచీ. రాజ్యాంగ సభలో 15 మంది మహిళలుంటే హంసా మెహతా, రేణుకా రే లాంటివాళ్ళు మాకు ప్రత్యేక సీట్లు వద్దు, సమానత్వం కావాలి అన్నారు. సమాన ఓటు వస్తే సీట్లు వాటంతటవే వస్తాయని వాళ్ళ నమ్మకం. 1952 నుంచి లోక్‌సభ చూస్తే అది జరగలేదు. ఇంకో వాదన బీసీ మహిళల గురించి, ఎస్సీ ఎస్టీలకి లోపల వాటా ఉంది, బీసీలకి లేదు, అలాగైతే సీట్లు పెద్దింటి ఆడవాళ్ళకే పోతాయి అని. దానికి జవాబుగా బీసీలకి అసెంబ్లీ, లోక్‌సభల్లో అసలే రిజర్వేషన్ లేదు, లేనిదాంట్లో మహిళా వాటా ఎలా పెడతారు అంటారు. చట్టం ప్రకారం ఆ జవాబు సరిపోతుంది, ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. మూడో దారి టిక్కెట్లు, పార్టీలే స్వయంగా ఇవ్వడం. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ సీట్లలో ఏడు, బెంగాల్లో తృణమూల్ 42లో 17 ఆడవాళ్ళకిచ్చాయి. బీజేడీ ఏడుగురిలో ఐదుగురు గెలిచారు. ఏ చట్టమూ అక్కర్లేకపోయింది, అధినేత మనసు మారితే పోయేదీ అంతే తేలిగ్గా.

అర్జీ ఇవ్వడం భాగస్వామ్యమేనా

ఇక మూడోది, మాట. సోమవారం కలెక్టరేట్ దగ్గర చూడండి, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీలు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు ఎంతమందో, పెన్షనని, ఇంటి పట్టా అని. వార్డు సచివాలయాలు కూడా 2019 అక్టోబర్ 2 నుంచి వచ్చాయి, పనులు దగ్గరయ్యాయి. ఇవి అవసరమే. కానీ అర్జీలో మనం అడుగుతాం, నిర్ణయం ఎదుటివారిది. సచివాలయంలో ఉండేది ఉద్యోగులు, అది సేవ. భాగస్వామ్యం అంటే ఈ ఏడాది మన వార్డులో ముందు డ్రైనేజీ చెయ్యాలా నీళ్ళ పైపు వెయ్యాలా అన్నప్పుడు మనం బల్లకి అటుపక్క కూడా కూర్చోవడం.

దానికి ఊళ్ళల్లో గ్రామసభ ఉంది, అక్కడ ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ సభ్యులే. మన పైన పాడేరు వైపు ఏజెన్సీలో 1996 పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) వల్ల గ్రామసభ మాటకి ఇంకా బరువుంది. నగరంలో దానికి దగ్గరగా ఉన్నది వార్డు కమిటీ. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ప్రతి మున్సిపాలిటీలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతుంది, ఎలా కట్టాలన్నది రాష్ట్రానికి వదిలింది. మన ఊరి జనాభా ఇరవై లక్షలనుకుంటే వార్డుకి ఇరవై వేల పైచిలుకు, అంతమందికి ఒక్క కార్పొరేటర్. నడుమ ఒక కమిటీ లేకపోతే ఆవిడ తలుపు తట్టడం తప్ప దారి లేదు. నేను హాల్లో కూర్చున్న నలభై మందినీ చూసి అడిగాను, మీ వార్డు కమిటీ మీటింగుకి ఎవరైనా వెళ్ళారా అని. ఒక్క చెయ్యి లేవలేదు.

మాటకి ఎంత బలముంటుందో చెప్పడానికి తెలుగువాళ్ళకి దూబగుంట చాలు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది, రాత్రి బడి పుస్తకంలో సారా గురించిన పాఠం వచ్చింది, ఆ చదువు ఊరు ఊరంతా సారా కొట్టు మీదకి నడిచేదాకా వెళ్ళింది. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం. వాళ్ళల్లో ఎంతమందికి సీటుంది? చట్టం చేయించింది వాళ్ళ మాటే. కానీ 1997లో సంపూర్ణ నిషేధం సడలించినప్పుడు, ఆ బల్ల దగ్గర ఆ ఆడవాళ్ళు లేరు. అందుకే సీటు దండగ, ఉద్యమం చాలు అనేవాళ్ళతోనూ, సీటొస్తే చాలు అనేవాళ్ళతోనూ నేను ఏకీభవించలేను.

ఆడవాళ్ళు మీటింగులకి రారు, ఆసక్తి లేదు అనే మాట కూడా వింటాం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దానికే పెడతారు, చేసే మగవాళ్ళు 88. తేడా మూడు గంటల పైనే, ఒక మీటింగు, రానూపోనూ ప్రయాణం అందులో పడతాయి. డ్వాక్రా గ్రూపుల్లో ఇదే ఆడవాళ్ళు పుస్తకం రాస్తారు, అప్పు లెక్క తేలుస్తారు, తీర్మానం చదువుతారు, ఎందుకంటే ఆ మీటింగు వాళ్ళ వీధిలో వాళ్ళకి కుదిరే టైంకి జరుగుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి బస్సు ఫ్రీ అయ్యింది, చార్జీ భారం తగ్గింది, సాయంత్రం ఆరు గంటల వంట మాత్రం అక్కడే ఉంది. మా లెక్చర్లు కూడా ఆరింటికే పెట్టారు. ఏడున్నర అయ్యేసరికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి కాంప్లెక్స్ వైపు బస్సుకి వెళ్ళిపోవడం, ప్రశ్నల టైంకి హాల్లో మగవాళ్ళే ఎక్కువ మిగలడం నేను చూశాను. ఈ సంగతి రెండో వారం నిర్వాహకులకి చెప్తే విన్నారు, నాలుగోది ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మార్చారు.

ఆ రోజు పెద్దావిడ మళ్ళీ వచ్చారు, ఒక్కరే కాదు, ఆ మెట్ల మీద ఉండే ఇంకో నలుగురితో. రెండో వారం మేడం ఆవిడతో చెప్పిందేంటంటే "కుళాయి రావట్లేదని కాకుండా, ఏ రోజు ఎన్నింటికి ఎంతసేపు వచ్చిందో రాసిపెట్టుకోండమ్మా" అని. నోట్‌బుక్ కాగితం మీద రెండు వారాల లెక్క రాసుకొచ్చారు, మనవరాలి చేత రాయించారట, వచ్చిన రోజులు ఐదు, అది కూడా కింది మెట్ల దాకానే. కార్పొరేటర్‌కి ఒకటి, సచివాలయానికి ఒకటి, కమిషనర్ ఆఫీసుకి ఒకటి ఇవ్వడానికి ఎదురుగా ఉన్న షాపులో జిరాక్సులు తీయించాం. కాగితం పైన వార్డు నంబరు, కింద పదకొండు ఇళ్ళ సంతకాలు, వేలిముద్రలు. పదకొండూ ఆడవాళ్ళవే, పక్కన ఎవరి పేరు వాళ్ళదే రాసి ఉంది, ఒక్కచోట కూడా ఫలానా వారి భార్య అని లేదు.